పదింట ఎనిమిది చాలుతుందా?

సంపాదకులకు నమస్కారం.

పదిసార్లు పరీక్షిస్తే ఎనిమిది సార్లు జోస్యం ఫలించిందని రాసేటప్పుడు, ఊరికే ఊహించి చెప్పినా అన్నిసార్లు నిజమయ్యే అవకాశం ఎంతో కూడా పత్రికలు లెక్కగట్టి చెప్పాలని నా మనవి. అవును, కాదు అనే రెండే జవాబులుండి, రెండింటికీ సమాన అవకాశం ఉండి, ఒకసారి వచ్చిన ఫలితం మరోసారి దానిపై ప్రభావం చూపనప్పుడు, ద్విపద విభాజనం (ఇన్ని ప్రయత్నాల్లో ఇన్నిసార్లు సరిపోయే అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతి) ప్రకారం పదింట ఎనిమిది గానీ అంతకు మించి గానీ సరిపోయే సంభావ్యత 1024లో 56, అంటే దాదాపు 5.5 శాతం, వాడుకలో ఉన్న 5 శాతం సార్థకతా స్థాయిని (ఊరికే ఊహించినా అలా జరిగే అవకాశం ఇంతకంటే తక్కువైతేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలనే గీత; అదీ అలవాటుగా వస్తున్నదే) అది దాటింది కనుక, అంతా కాకతాళీయమేనన్న శూన్య పరికల్పనను తోసిపుచ్చలేం. తోసిపుచ్చలేకపోయినంత మాత్రాన అంతా కాకతాళీయమేనని రుజువైనట్టూ కాదు.

అదే నిష్పత్తిలో 20కి 16 గానీ అంతకు మించి గానీ సరిపోయే సంభావ్యత 0.6 శాతమే. కేవలం ‘80 శాతం’ అని ముద్రిస్తే ఈ తేడా పాఠకుడికి తెలిసే దారే లేదు. నచ్చిన ఫలితం వచ్చేదాకా పరీక్షిస్తూ పోయి అక్కడ ఆపేస్తే పై లెక్కలేవీ వర్తించవు కాబట్టి, ఎన్నిసార్లు పరీక్షించాలో ముందే నిర్ణయించారా లేదా అన్నదీ వార్తలో ఉండాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు