జనరేటర్ అద్దెకి ఇచ్చే పద్ధతి మార్చాం, కారణం ఇది

మా కస్టమర్లందరికీ నమస్కారం. కార్తీకం వానలు మొదలయ్యేలోపు ఒక మాట చెప్పాలి. కావలిలో మా షాపు నుంచి జనరేటర్ తీసుకుని ఇంటి వైరింగ్‌కి కలుపుకునేవాళ్లకి ఇకమీదట చేంజోవర్ స్విచ్ (ఇంటికి లైనో జనరేటరో ఏదో ఒక్కటే కలిపే స్విచ్), ఎర్తింగ్ రెండూ ఉంటేనే ఇస్తాం. పాత కస్టమరైనా, బంధువులైనా అంతే.

ఈ మాట విని పోయిన వారం ఒక పెద్దాయన గట్టిగానే అడిగాడు: "ఇన్నేళ్లూ వైరు కట్టిచ్చింది మీరే కదయ్యా, అప్పుడు లేని రూలు ఇప్పుడెందుకు?" ఆయన అన్నది నిజం. రెండు చివర్లా ప్లగ్గులున్న వైరు మేమే కట్టిచ్చాం. ఒక కొస జనరేటర్‌లో, ఇంకో కొస వంటింటి పవర్ ప్లగ్గులో. "మెయిన్ ఆపుకోండి" అని చెప్పి పంపేవాళ్లం. అది మా తప్పు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా పక్క వీధిలో తీగలు తెగాయి. అక్కడొక ఇంట్లో మా జనరేటర్ నడుస్తోంది. కరెంటు వచ్చిందేమో చూద్దామని వాళ్లబ్బాయి మెయిన్ పైకెత్తాడు. జనరేటర్ ఊపిరాడనట్టు మూలిగింది, ఎదురింటి వరండాలో బల్బు ఎర్రగా, సగం వెలుతురుతో వెలిగింది. అదే సమయానికి లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపించి పని చేసే అనుమతి) తీసుకుని స్తంభం మీద ఉన్నాడు. తీగ పట్టుకునే ముందు టెస్టర్ పెట్టే అలవాటు ఉన్న మనిషి కాబట్టి బతికాడు. దిగొచ్చి ఎవర్నీ తిట్టలేదు. "అన్నా, నాకిద్దరు పిల్లలు" అన్నాడు. ఆ వైరు కట్టింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో నుంచి వెనక్కి పోయిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేరితే, అటుపక్క 11 వేల వోల్టుల తీగ మీద వేల వోల్టులుగా మారుతుంది. లైను ఆపేశారని నమ్మి పనిచేసేవాడికి, టెస్టర్ పెట్టి చూస్తే తప్ప అది తెలిసే దారి లేదు. పైగా ఆ వైరు గోడలోంచి ఊడితే, బయటికి కనపడే పిన్నుల మీదే 230 వోల్టులుంటాయి. చంటిపిల్లలున్న ఇళ్లకి కూడా ఇచ్చాం అలాంటి వైర్లు.

చేంజోవర్‌లో ఆ భయం లేదు. హ్యాండిల్ ఇటుంటే లైను, అటుంటే జనరేటర్, మధ్యలో సున్నా. రెండూ ఒకేసారి కలవడానికి వీలే లేదు. మేం బిగించేది డబుల్ పోల్, అంటే ఫేజుతో పాటు న్యూట్రల్‌ని కూడా తెంపేది. త్రీ ఫేజ్ ఇళ్లకి ఫోర్ పోల్.

ఇక ఎర్తింగ్. "మావాడు అమెరికాలో ఉన్నాడు, అక్కడ చిన్న జనరేటర్‌కి ఎర్త్ రాడ్డే అక్కర్లేదంట" అని ఒకమ్మ అడిగారు. అక్కడి కరెంటు పనుల నిబంధనల పుస్తకం ఎన్‌ఈసీలో ఆ వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ జనరేటర్ మీది సాకెట్లలోనే నేరుగా ఫ్రిజ్జో ఫ్యానో పెట్టుకున్నప్పుడు. ఇంటి వైరింగ్‌కి కలిపితే అక్కడైనా మన చేంజోవర్ లాంటి ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఉండాల్సిందే. పైగా అక్కడ న్యూట్రల్, ఎర్త్ ఇంటి మెయిన్ బోర్డులోనే కలుస్తాయి. మన దగ్గర న్యూట్రల్‌ని ఎర్త్ చేసేది వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. చేంజోవర్ న్యూట్రల్‌ని తెంపగానే ఇంటికి ఆ సంబంధం పోతుంది. అప్పుడు ఫ్రిజ్జు బాడీకి షార్టైనా, కరెంటు తిరిగి జనరేటర్‌కి చేరే దారి ఉండదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా తెంపే స్విచ్) పడదు. అందుకే జనరేటర్ దగ్గర న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఒక్కచోట, ఒక్కచోటే కలిపి, బాడీని మీ ఎర్తింగ్ గుంతకి కడతాం. ఇన్వర్టర్ రకం జనరేటర్లకి మాత్రం కంపెనీ పుస్తకం చూడకుండా ఆ లింకు వేయం.

"ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కదా, ఎర్తింగ్ బాగానే ఉంది" అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ బటన్ లోపల ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న రెసిస్టర్ కలుపుతుంది, అంతే. ఎర్త్ అసలు లేకపోయినా అది పడుతుంది. స్విచ్ పనిచేస్తోందని చెబుతుంది గానీ ఎర్తింగ్ ఉందని చెప్పదు. ఎర్త్ టెస్టర్ పెట్టి చూస్తేనే తెలిసేది. ఉప్పూ బొగ్గూ వేసి ఏళ్లయి, నీళ్లు పోయక ఎండిపోయిన గుంతలు మన ఊళ్లో ఎన్నో చూశాం.

ఖర్చు సంగతి. రోజు అద్దె పెంచలేదు. స్విచ్చు, వైరు, రాడ్డు కొన్న ధరకే ఇస్తాం. మా పాత కస్టమర్ల దగ్గర బిగించే కూలి తీసుకోం. ఇవన్నీ ఇప్పుడొద్దు అనుకునేవాళ్లు జనరేటర్‌ని ఆరుబయట పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఫ్రిజ్జు, ఫ్యాను నడుపుకోవచ్చు. త్రీ పిన్ బోర్డు మేమే ఉచితంగా పంపుతాం. వరండాలో గానీ కిటికీ కింద గానీ పెట్టొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

రెండు ప్లగ్గుల వైరు ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి షాపుకి తెచ్చివ్వండి, దాని బదులు బోర్డు తీసుకెళ్లండి. మేం కట్టిచ్చినవి పదకొండు. ఇప్పటికి ఏడు వచ్చాయి.