ఆ రాత్రి నాకు తోడున్నవాళ్లకి, ఫోన్ ఎత్తినవాళ్లకి థాంక్స్

నా హెర్నియా ఆపరేషన్ బాగానే అయింది, గాయాలు మానుతున్నాయి. పలకరించిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయాను కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నాను. "పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేశావట, అయితే చిన్నదేలే" అన్నారు చాలామంది. కోత చిన్నదే, పొట్ట మీద మూడు చిల్లులు, లోపల వల లాంటి ఒక మెష్. కానీ ఇచ్చింది పూర్తి మత్తు. రాత్రంతా వార్డులో సిస్టర్లు చూసుకునే పని డే కేర్‌లో, అంటే ఆపరేషనైన రోజే ఇంటికి పంపేసే పద్ధతిలో, మనింటికి వచ్చేస్తుంది, అది చేసే మనిషెవరో ముందే తేల్చుకోవాలి. మా ఆవిడ ఉద్యోగం వైజాగ్‌లో, ఆ రోజుకి రాలేకపోయింది. దాంతో మా అపార్ట్‌మెంటే నాకు వార్డయింది.

ముందుగా రెండో ఫ్లోర్ అంకుల్‌కి. ఇంటికి తీసుకెళ్లేదెవరో, రాత్రి పక్కన ఉండేదెవరో చెప్తేనే ఆపరేషన్ అన్నారు ఆస్పత్రిలో. క్యాబ్ బుక్ చేసుకుని వెళ్లిపోతానంటే కుదరదు. మత్తు తాలూకు మందకొడితనం ఒక రోజంతా ఉండొచ్చట, 24 గంటలు బండి నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు. అంకుల్ మా సోఫాలోనే పడుకుని, మాత్రల టైములు గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి, నిద్రలేపి మరీ మింగించారు. "నొప్పి లేదుగా అంకుల్" అంటే "ఇప్పుడు లేదయ్యా, తిమ్మిరి దిగాక తెలుస్తుంది" అన్నారు. తెలిసింది కూడా. గాయం దగ్గర వేసిన తిమ్మిరి ఇంజెక్షన్ దిగేలోపే మాత్ర పడాలి, నొప్పి ముదిరాక దాన్ని దించడం కష్టం.

మత్తు డాక్టర్ గారికి కూడా థాంక్స్, ముందురోజు సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. ఊగే పళ్లున్నాయా, గురక పెడతారా, ఆయుర్వేదం మందులేమైనా వాడుతున్నారా, ఇలా ఓపిగ్గా అన్నీ అడిగారు. తిండి 6 గంటల ముందు ఆపేయాలి, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు, పాలు పోసిన టీ మాత్రం తిండి కిందే లెక్క. మన ఇళ్లలో "టీయే కదా" అని ఇచ్చేస్తారు, అందుకే చెప్తున్నా. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోమన్నారు నన్ను. షుగర్‌వి, రక్తం పలచన చేసేవి వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, సొంతంగా వేసుకోనూ వద్దు, అడగండి.

డిశ్చార్జ్ దగ్గర సిస్టర్ గారు "యూరిన్ వచ్చాకే పంపిస్తా" అని కూర్చోబెట్టారు. అప్పుడు విసుగొచ్చింది గానీ హెర్నియా ఆపరేషన్ తర్వాత కొంతమందికి, అందులోనూ వయసు మళ్లిన మగవాళ్లకి, మూత్రం బిగిసిపోతుందట. అర్ధరాత్రి ఇంట్లో అలా అయితే మళ్లీ ఆస్పత్రికి పరుగే.

అసలు టెన్షన్ రాత్రి మొదలైంది. కోసింది పొట్ట దగ్గరైతే భుజం పీకడం మొదలైంది, అదీ రెండు వైపులా. గుండె నొప్పేమోనని నాకు చెమటలు, నన్ను చూసి అంకుల్‌కి చెమటలు. మూడో ఫ్లోర్ ఆంటీ రిటైర్డ్ నర్సు, ఒక్క రింగుకే ఫోన్ ఎత్తి చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చారు. నాడి చూసి, ఆయాసం, ఛాతీ నొప్పి లేవని అడిగి తెలుసుకుని, డిశ్చార్జ్ కాగితం మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడారు. ల్యాప్రోస్కోపీలో, అంటే ఇలా చిల్లుల్లోంచి చేసే ఆపరేషన్‌లో, పొట్టలోకి పంపే కార్బన్ డయాక్సైడ్ కొంచెం మిగిలి, ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొరను చికాకు పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. కాస్త అటూ ఇటూ నడిపించారు, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుందన్నారు, పోయింది. ఈ సంగతి కాగితంలో ఒక్క లైను రాసుంటే మా ముగ్గురికీ నిద్ర దక్కేది. దగ్గొచ్చినప్పుడు పొట్టకి దిండు అదిమిపెట్టుకోమని చెప్పింది కూడా ఆంటీయే, అది బంగారం లాంటి సలహా. ముక్కకుండా ఉండటానికి ఇసబ్‌గోల్ తెచ్చిచ్చిన వాచ్‌మన్ అన్నకీ దండాలు.

ఇన్సూరెన్స్ గొడవంతా మా ఆఫీసు తమ్ముడే చూసుకున్నాడు. 24 గంటలు అడ్మిట్ కాకపోయినా డే కేర్ సర్జరీకి క్లెయిమ్ వస్తుంది, కాకపోతే హెర్నియాకి చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం దాకా క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉంటుంది, డేట్ తీసుకునే ముందే చూసుకోండి. డిశ్చార్జ్ రోజు క్యాష్‌లెస్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలపై అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రూలు పెట్టింది, వాడు కౌంటర్ దగ్గర అదే గుర్తుచేస్తూ నిలబడ్డాడు.

మన బ్లాకులో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ ఉండి రాత్రికి మనిషి కావాలంటే మొహమాటపడకుండా నాకు చెప్పండి, వచ్చి పడుకుంటా. గ్యాస్ సిలిండర్ మోయమని మాత్రం ఇంకొన్నాళ్లు అడక్కండి.