మిర్చి కల్లాలకు అతిథులు వచ్చే దారి

సంపాదకులకు,

ఆర్యా,

మన ప్రాంతం నుంచి షిర్డీ వెళ్ళే భక్తులలో చాలామంది త్ర్యంబకేశ్వర దర్శనం కూడా చేసుకుని నాసిక్ మీదుగా తిరిగివస్తారు. రెండేళ్ళ కిందట మా కుటుంబమూ అలాగే వెళ్ళి, త్ర్యంబకం కొండల్లో గోదావరి పుట్టిన చోటు చూసి, తిరుగుదారిలో గంగాపూర్ జలాశయం ప్రాంతంలో, వైను తయారుచేసే ద్రాక్షతోటల్లో ఒక పూట గడిపింది. నాకు మద్యం అలవాటు లేదు. తోట చూద్దామన్నది మా అల్లుడు. తీరా వెళ్ళాక, వచ్చినవారిలో నావంటివారే సగం మంది కనిపించారు. రుసుము చెల్లించి తోటలో తిరిగి, రసం పిండే యంత్రాలూ పులియబెట్టే తొట్లూ చూసి, భోజనం చేసి, ఎండుద్రాక్ష పొట్లాలు కొనుక్కుని వెళ్ళేవారు వాళ్ళు.

మాకు తోట చూపించిన కుర్రవాడు అదే కర్మాగారానికి కాయ ఇచ్చే రైతు కొడుకు. తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారనీ, వేసవి మొదట్లో కత్తిరింపు కొమ్మ కోసమనీ, వానలు వెనకపట్టాక చేసే కత్తిరింపు కాయ కోసమనీ, కోత మాత్రం జనవరి నుంచి మార్చి లోపల ఒక్కసారేననీ మరాఠీ కలిసిన హిందీలో అతను ఓపికగా చెప్పాడు. చెప్పినందుకు అతనికి జీతం ఉంది. తండ్రికి కాయ మీద వచ్చే డబ్బు, కొడుకుకు ఆ కాయ కథ చెప్పినందుకు వచ్చే డబ్బు ఒకే ఇంట్లోకి చేరుతున్నాయన్న సంగతి ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు.

నాసిక్‌కు ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ఆధారిత పరిశ్రమల కోసం ప్రత్యేక విధానం తెచ్చి, స్థానిక ద్రాక్షతో తీసిన వైనుకు పన్ను రాయితీలిచ్చింది. వైను తయారుచేసే సూలా సంస్థ 2005లో రుచి చూసే గది తెరిచి తోటలోకే సందర్శకులను పిలిచింది. తరవాత చుట్టుపక్కల భోజనశాలలూ, బస గదులూ, కార్లు అద్దెకిచ్చేవాళ్ళూ వచ్చారు. 2020లో ఆ రాష్ట్రం వ్యవసాయ పర్యాటక విధానాన్ని కూడా ప్రకటించి, పొలంలో అతిథులకు బస ఇచ్చే రైతులకు నమోదు సౌకర్యం కల్పించింది. మధ్యలో దెబ్బలూ తగిలాయి. 2008 ఆర్థిక మాంద్యం తరవాత వైనుకు గిరాకీ పడిపోయి, కాయ కొనే నాథుడు లేక తోటలు పీకేసిన రైతులూ ఉన్నారు. అందుచేత సందర్శకులు వస్తే చాలు, గిట్టుబాటు ధర అక్కర్లేదని నేను అనబోవడం లేదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ‘గుంటూరు సన్నం’ మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుంటూరు మిర్చి యార్డు పేరు వినని మసాలా వ్యాపారి దేశంలో ఉండడు. ఇంత పేరుండీ, ధర పడిన ఏడు రైతుకు మరో ఆధారం లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు కనీస ధరగా నిర్ణయించవలసి వచ్చింది. అలాంటి ఏడాదిలో కల్లం దగ్గరికి వచ్చే పదిమంది సందర్శకుల వల్ల సాగు ఖర్చంతా తీరదు. కాని ఇంటి ఖర్చుకు కొంత ఆసరా అవుతుంది.

రారని అనుకోవద్దు. కిందటి ఫిబ్రవరిలో మా అల్లుడి స్నేహితుల కుటుంబం పుణె నుంచి విజయవాడ వచ్చింది. అమ్మవారి దర్శనం చేసుకుని, ఉండవల్లి గుహల్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామిని చూసి, మంగళగిరిలో చీరలు కొనుక్కుని, మా ఇంటికి రాగానే వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: మిరపకాయలు ఎక్కడ ఆరబెడతారని. గుంటూరు దాటాక ఒక ఊళ్ళో, తెలిసిన రైతు కల్లానికి తీసుకువెళ్ళాను. ఆయన ఎంతో ఆదరంగా మజ్జిగ ఇప్పించి, తేజ రకానికీ 334 రకానికీ తేడా చేతిలో పెట్టి చూపించి, రంగు పోయిన తాలుకాయ ఎందుకు ఏరెయ్యాలో, తేమ ఉండగా టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి, ఎత్తితే ఏమవుతుందో వివరించాడు. అతిథులు అయిదు కిలోలు కొంటామన్నారు. అక్కడే చిక్కు వచ్చింది. కల్లంలో ఉన్నది టిక్కీలు తూచే కాటా. అయిదు కిలోలు తూచే సాధనమే లేదు. చివరికి చాటతో ఉజ్జాయింపుగా పోసి పాత గోతాంలో కట్టి ఇస్తే, ఆ గోతాంతో వాళ్ళు రైలెక్కారు. డబ్బు తీసుకోవడానికి రైతు మొహమాటపడ్డాడు. ఇంతకన్నా బాధ కలిగించినది మరొకటుంది: విజయవాడ నుంచి ఆ ఊరు చేరేదాకా ఆ ఇల్లాలికి శుభ్రమైన మరుగుదొడ్డి ఒక్కటీ దొరకలేదు. వస్తూ వస్తూ ఒక ఆటో ఆయన, భాష రానివాళ్ళని గ్రహించి, రెట్టింపు కిరాయి తీసుకున్నాడు. అతనికి ఆ రోజు మిగిలింది ఎంతో నాకు తెలియదు గాని, ఆ కుటుంబం పుణె వెళ్ళి మరో పది కుటుంబాలకు చెప్పే మాట అందరికీ నష్టమే.

రాష్ట్ర ప్రభుత్వం 2024–29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. దీనివల్ల పెద్ద హోటళ్ళు కట్టేవారికి కలిగే మేలు తేలికగానే కనిపిస్తుంది. అదే మేలు, మేడమీద రెండు గదులు అద్దెకిద్దామనుకునే మంగళగిరి ఇల్లాలికీ, తెల్లపొణికి కర్రతో దశావతారాలు చెక్కే కొండపల్లి కళాకారుడికీ, కల్లం పక్కన పందిరి వేసి జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి వడ్డించగల రైతు కుటుంబానికీ చేరాలంటే, వాళ్ళ భాషలో రాసిన ఒకే పేజీ దరఖాస్తు, అది ఇవ్వడానికి మండలంలోనే ఒక కిటికీ, గడువు లోపల ‘అవును’ అనో ‘కాదు’ అనో జవాబు ఉండాలి. కేంద్రం పుణ్యక్షేత్రాల అభివృద్ధికి పెట్టిన ప్రసాద్ పథకం కిందా, పర్యాటక మార్గాల అభివృద్ధికి పెట్టిన స్వదేశ్ దర్శన్ పథకంలోని బౌద్ధ యాత్రామార్గం కిందా అమరావతికి నిధులు మంజూరు చేసింది. స్తూపం చూడటానికి అంత దూరం వచ్చినవాణ్ణి మరో పూట ఆపగలిగేది చుట్టుపక్కల పల్లెల పంటపొలాలే అన్న ఆలోచన మాత్రం ఆ పథకాలకు తోడు కావాలి.

నాకు తోచిన పద్ధతి ఇది. మిర్చి కోతల కాలంలో, అంటే సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి మార్చి ఆఖరు వరకు, శని ఆదివారాల్లో విజయవాడ రైల్వే స్టేషన్ నుంచి ఒక ఆర్టీసీ బస్సు బయలుదేరి ఉండవల్లి, మంగళగిరి చూపించి, మధ్యాహ్నానికి ముందే నమోదైన ఒక పల్లెలో దింపాలి. ఎండ ముదిరాక కల్లంలో నిలబడటం మన వల్లే కాదు, పైవాళ్ళ మాట చెప్పాలా. ఆ పల్లెలో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు నలుగురికి శిక్షణ ఇస్తే చూపించడం వాళ్ళు చూసుకుంటారు. పావుకిలో, అరకిలో సంచుల్లో రైతు పేరు, రకం పేరు ముద్రించి అమ్మే పని మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. యార్డులోకి కూడా, వేలం హడావుడి లేని వేళల్లో, హమాలీల దారికి అడ్డం రాకుండా, ముక్కుకు గుడ్డలిచ్చి చిన్న బృందాలను తీసుకువెళ్ళే ఏర్పాటు ఆలోచించాలి. అక్కడి ఘాటుకు తుమ్మకుండా బయటికి వచ్చిన కొత్తవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అది కూడా అతిథి ఇంటికి మోసుకుపోయే జ్ఞాపకమే. ఆటోలకు స్టేషన్ దగ్గర ముందే చెల్లించే కౌంటరు, మూడు భాషల్లో కిరాయి పలక ఉంటే సరిపోతుంది. కృష్ణలో పడవ విహారం గురించి ఎక్కువ రాయను. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ ఎక్కించకూడదు, అంతే.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మిరప కోతకు కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చే కూలీలున్నారు. పొలం గట్టున గుడారాల్లో ఉండే ఆ ఆడవాళ్ళను అడగకుండా ఫోటోలు తీసుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. సందర్శకుల కోసం కట్టే మరుగుదొడ్లూ, మంచినీటి కుళాయిలూ ముందు వాళ్ళకు అందుబాటులో ఉండాలి. పొద్దున్నుంచి వంగి కాయ కోసే మనిషిని చెట్ల చాటుకు పంపి, బస్సు దిగినవారికి తలుపు తాళం తీసే పద్ధతి ఉంటే, ఆ పల్లెలో ఈ ఏర్పాటు అక్కర్లేదు. పురుగుమందు కొట్టిన పొలంలోకి వారం పది రోజులు ఎవరినీ అనుమతించకూడదన్నది కూడా నమోదు షరతుల్లో ఉండాలి.

గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లు కలిసి వచ్చే కోతలకు జిల్లాకొక్క పల్లెను ఎంపిక చేసినా ప్రయోగానికి చాలు. నారు మళ్ళు పోసే రోజుల్లోనే ఊళ్ళు తేల్చి చెబితే, రైతులు కల్లం పక్కన పందిరికీ మరుగుదొడ్డికీ చోటు వదులుకుంటారు. నాకు మజ్జిగ ఇచ్చిన రైతుకు ఈ సంగతి చెప్పాను. అయిదు కిలోలు తూచే కాటా ఒకటి ఆయన అప్పుడే కొనేశాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.