పుంజును ఇటు పంపించు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. పుంజా పెట్టా అని నువ్వడిగిన కోడి ఫోటో చూశాను. అనుమానమేమీ లేదు, అది పుంజే. తురాయి సంగతి అటుంచు, నడుము మీది ఈకలు చూడు: కొసలు సన్నగా తేలి తోకకు రెండు పక్కలా జారుతున్నాయి. పెట్టకు అక్కడ ఈకలు గుండ్రంగా ఉంటాయి.

పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవేమోనని అల్లుడుగారి దిగులట. ఆ దిగులు వద్దని చెప్పు. గుడ్డుకు పుంజుతో పని లేదు, పిల్లలకే పుంజు కావాలి. పైగా మన ఎండలకు పుంజుతో కలిసిన పెట్ట పెట్టే గుడ్డే ముందు పాడవుతుంది. పెట్ట పొదగకపోయినా ఆ వేడికే లోపల పిండం కాస్త కదిలి, ఆపైన పెరగలేక చచ్చిపోతుంది. చిన్నప్పుడు వేసవిలో గుడ్డు పగలగొడితే పచ్చసొన మీద ఎర్రని చుట్టలా కనిపించి, ఆ పూట అట్టు మానేసేదానివి. అది ఇదే.

పొదిగించుకుందామన్నా నీవి గ్రామప్రియ కోళ్లు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిన సంకర రకం. గుడ్లకు మంచివే, పొదుగుకు మాత్రం కూర్చోవు. వాటి పిల్లలు తల్లిలాగే గుడ్లు పెడతాయన్న భరోసా కూడా లేదు.

పుంజులో మంచి గుణాలు లేవనను. గద్ద కనబడితే అది అరిచే అరుపుకు పెట్టలన్నీ చెట్టు కిందికి దూరతాయి. గింజ దొరికితే తాను మింగకుండా ముక్కుతో ఎత్తి వేస్తూ వాటిని పిలుస్తుంది. మీ నాన్నకు ఆ మర్యాద చూస్తే మహా మురిపెం. నాకు నవ్వొస్తుంది, పిలుపు వెనక ఉద్దేశమేమిటో పెట్టలకూ తెలుసు.

కానీ నీకున్నవి నాలుగే పెట్టలు. ఒక పుంజుకు ఎనిమిదో పదో ఉండాలి. లేకపోతే మెతకగా ఉన్నదాన్నే పట్టుకుని తొక్కుతుంది, దాని వీపు మీద ఈకలు ఊడి ఎర్రగా తోలు తేలుతుంది. అదీగాక పక్కింటాయనది రాత్రి డ్యూటీ అన్నావు. తెల్లవారేదాకా ఆగి కూస్తుందనుకోకు. రెండున్నరకే మొదలుపెడుతుంది, వీధిలో కారు లైటు పడినా కూస్తుంది. గంప కింద మూసినా గొంతు మూతపడదు. కోడి కోసం ఇరుగుపొరుగుతో మాట తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

వీధి చివరి అతను సంక్రాంతి పేరు చెప్పి అడిగితే ఇవ్వకు. పందేనికి జాతి పుంజు కావాలి, ఇది దేనికి పనికొస్తుందో అతనికి తెలుసు. పందేనికి కాదు, పలావుకు.

మాకు పంపించు. మన పుంజును కుక్కలు ఎత్తుకుపోయాక దొడ్లో పెట్టలు డజను దాకా ఒంటరిగా తిరుగుతున్నాయి. నాటు పెట్ట పొదుగుకు కూర్చుంటే 21 రోజులకు పిల్లలొస్తాయి, బాబుకు రెండు ఇస్తాను. ఈ పుంజు మాత్రం కూరలో పడదని వాడికి నా మాటగా చెప్పు. ఈ ఏడాదికైతే పడదు.

ఆదివారం నాన్న వస్తున్నారు. పగలు పట్టుకోబోతే పెరడంతా పరుగెత్తిస్తుంది. శనివారం చీకటి పడ్డాక నిద్రలో ఉండగా రెక్కలు కలిపి పట్టుకుని గంప కింద పెట్టండి. నీళ్లు పెట్టడం మరిచిపోకు.

అమ్మ