బ్యాంకులో దొంగలు పడ్డారు, మీ బంగారం సంగతి చెప్తున్నాను

మన నగల షాపులో ఆర్డర్లు ఇచ్చిన వాళ్ళందరికీ నమస్కారం.

గత నెల రెండో శనివారం రాత్రి, నాకు లాకర్ ఉన్న బ్యాంకు బ్రాంచిలో దొంగలు పడ్డారు. వెనక కిటికీ ఊచలు తీసేసి లోపలికి దిగారు. గ్యాస్ కట్టర్‌తో స్ట్రాంగ్ రూమ్ తలుపు కోసి కొన్ని లాకర్లు పగలగొట్టారు. వాటిలో నాదీ ఒకటి. మీరు మార్పిడికి, కొత్త పనికి ఇచ్చిన పాత బంగారం అందులోనే ఉంది. తొమ్మిది మందిది, మొత్తం 212 గ్రాములు. ఆ వారం షాపులో కొత్త షట్టర్ పని జరుగుతోందని, అక్కడైతే భద్రంగా ఉంటుందని నేనే తీసుకెళ్ళి పెట్టాను.

నేను ఐపీ పెట్టేస్తానని, షాపు ఎత్తేసి హైదరాబాద్ వెళ్ళిపోతానని ఊళ్ళో అనుకుంటున్నారట. ఆ మాట నా చెవినా పడింది. ఎక్కడికీ పోవడం లేదు. మీ బంగారం గ్రాముకు గ్రాము, అదే టచ్‌లో, అంటే అదే స్వచ్ఛతలో ఇస్తాను. ఎలా, ఎప్పుడు అన్నది కింద రాశాను. ముందు జరిగింది చెప్పనివ్వండి, ఎందుకంటే రెండు వారాలు మీకు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. అందులో సగం తప్పు నాది, సగం బ్యాంకుది.

సోమవారం పొద్దున పదిన్నరకు టీ కొట్టు కుర్రాడు ఫోన్ చేశాడు. పరుగున వెళ్తే షట్టర్ సగం దించి ఉంది. దానికి ఒక కాగితం అంటించారు: ‘సాంకేతిక కారణాల వల్ల ఈ రోజు లావాదేవీలు జరగవు.’ పక్కన రెండు పోలీసు జీపులు, క్లూస్ టీమ్, వాసన పట్టే కుక్క. కిటికీ కోసుకుని దొంగలు రావడాన్ని సాంకేతిక కారణం అంటారని నాకప్పుడే తెలిసింది.

నా లాకర్ నంబరు చెప్పి, పగిలిందా లేదా అని అడిగాను. పై ఆఫీసు చెప్పమనేదాకా ఏమీ చెప్పకూడదన్నారు. మంగళవారం అదే మాట. బుధవారం మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారు. గురువారం సాయంత్రం మెసేజ్ వచ్చింది, ‘మీ లాకర్ విషయమై బ్రాంచిని సంప్రదించండి’ అని. నాలుగు రోజులుగా నేను చేస్తున్న పని అదే కదా!

ఎంత పోయింది, ఎటు నుంచి వచ్చారు, కెమెరాలో ఏం పడింది, ఇవి బయటికి చెప్పొద్దని పోలీసులే అంటారు. ఒప్పుకుంటాను. కానీ నా లాకర్ సంగతి నాకు చెబితే దర్యాప్తుకు ఏం చెడుతుంది? లాకర్ తెరిచిన ప్రతిసారీ సాయంత్రంలోగా మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. నేను తాళం తీస్తే గంటలో మెసేజ్ వస్తుంది. దొంగ తీస్తే నాలుగు రోజులు పట్టింది.

మా వీధిలో ఒక రిటైర్డ్ క్యాషియర్ గారున్నారు. ఆయన్ని అడిగితే బ్యాంకు ఏం చేయాలో వివరంగా చెప్పారు. తలుపు పగిలి ఉందని చూసిన మనిషి లోపలికి అడుగుపెట్టకూడదు. 112కి ఫోన్ చేసి, మేనేజర్‌కు చెప్పి, ఎవరినీ లోపలికి పోనివ్వకుండా బయటే నిలబడాలి. అదే పట్టపగలు తుపాకీతో వస్తే ఎదురు తిరగకూడదు, అడిగింది ఇచ్చేయాలి, వీలైతే అలారం నొక్కాలి. వాళ్ళు వెళ్ళగానే తలుపులు వేసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరికి వాళ్ళు చూసింది కాగితం మీద రాయాలి. ఎత్తు, యాస, చెప్పులు, బండి. మాట్లాడుకున్నారంటే అందరి జ్ఞాపకం ఒకటైపోతుందట, అందులో తప్పుంటే అదీ అందరికీ అంటుకుంటుందట. నాకు ఈ మాట బాగా నచ్చింది.

మన బ్రాంచిలో ఏం జరిగిందంటే, పొద్దున ముందుగా వచ్చేది ఊడ్చే ఆమె. ఎప్పటిలాగే తాళం తీసి హాలంతా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ తర్వాత వెనక గదికి వెళ్ళి కేక పెట్టింది. పాదముద్రలేమైనా ఉంటే బకెట్‌లోకి పోయాయి. ఇప్పుడందరూ ఆమెను అంటున్నారు. ఆమెకు ఎవరైనా ఒక్క రోజు కూర్చోబెట్టి చెప్పారా? కెమెరాల రికార్డరు కూడా స్ట్రాంగ్ రూమ్ పక్క గదిలోనే పెట్టారు, దొంగలు దాన్ని పట్టుకుపోయారు. అది ఆమె పెట్టింది కాదు.

ఇక రిపోర్టుల సంగతి. దొంగతనమైనా, దోపిడీ అయినా, ప్రయత్నం చేసి వదిలేసినా సరే, బ్యాంకు వెంటనే రిజర్వ్ బ్యాంకుకు తెలియజేయాలి, ఏడు రోజులు దాటకూడదు. మూడు నెలలకోసారి లెక్క వేరే పంపాలి. ఇవన్నీ పైకి వెళ్ళే కాగితాలు. కిందికి, అంటే మనకు, వచ్చే కాగితం కోసం నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. బ్యాంకు కేసు పెట్టింది, మీకు అవసరం లేదన్నారు బ్రాంచిలో. అవసరం ఉంది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితుడికి కూడా ఉచితంగా ఇవ్వాలి. ఎస్సైగారు ఇచ్చారు, నా వాంగ్మూలం కూడా రాసుకున్నారు.

చాలామంది ఫోన్ చేసి అదే బ్రాంచిలో తమ డిపాజిట్లు ఏమవుతాయని అడిగారు. టెన్షన్ పడకండి. పోయిన నగదు బ్యాంకుది, మీ ఖాతాలో అంకె మారదు. తాకట్టు బంగారానికి బ్యాంకు దగ్గర తూకం రాసి ఉంటుంది కాబట్టి దానికి బ్యాంకే జవాబు చెప్పాలి. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో గ్యాస్ కట్టర్‌తో కోసి ఎత్తుకెళ్ళిన సుమారు 19 కిలోలు అలాంటి తాకట్టు నగలే. మరుసటి నెలలో కొందరు దొరికారు గానీ, బంగారం కొంతే దొరికింది.

లాకర్ వేరు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు. తెలియదు కదా అని చేతులు కడుక్కుంటే కుదరదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. ఆ తర్వాత వచ్చిన నియమం ప్రకారం, దొంగతనం జరిగితే బ్యాంకు ఇవ్వాల్సింది ఏడాది అద్దెకు నూరు రెట్లు. నా అద్దె 2,500. అంటే రెండున్నర లక్షలు. తులం లక్ష దాటిన రోజుల్లో 21 తులాలకు అదెంతో లెక్క మీకే తెలుసు. అది కూడా రాతపూర్వకంగా అడిగాను. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను.

ఇప్పుడు నా తప్పులు. షాపు సరుకుకు ఇన్సూరెన్స్ ఉంది. లాకర్‌లో పెట్టేదాన్ని అందులో చూపించలేదు, ప్రీమియం పెరుగుతుందని. కక్కుర్తి అనండి, కాదనను. రెండోది, తొమ్మిది మందిలో ఇద్దరికి చీటీ ఇవ్వలేదు. తెలిసినవాళ్ళే కదా అని తూకం క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. పోలీసుల ముందు ఆ కాగితం తీసి పెట్టినప్పుడు సిగ్గేసింది. మూడోది, మీకు ఆ సోమవారమే చెప్పకపోవడం. బ్యాంకు ఏదో ఒకటి తేల్చాక చెబుదామనుకున్నాను. అంటే బ్యాంకు నాకు చేసిందే నేను మీకు చేశాను.

బస్టాండ్ వెనక నా ప్లాటు బేరం కుదిరింది, బయానా వచ్చింది. ఆ డబ్బుతో ముహూర్తాలు దగ్గర పడ్డ ముగ్గురి పుస్తెలతాళ్ళు, గొలుసు చేసి ఇచ్చేశాను. మిగతా ఆరుగురికి రిజిస్ట్రేషన్ కాగానే వరసగా ఇస్తాను, పెళ్ళి తేదీని బట్టి వరస. మజూరీ, తరుగు ఎవరి దగ్గరా తీసుకోను. డబ్బు కావాలన్నవాళ్ళకు ఇచ్చే రోజు రేటు కడతాను, మీరు తెచ్చిన రోజు రేటు కాదు.

ఒక్కరి విషయంలో నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ అమ్మమ్మ మెళ్ళో వేసుకున్న కంటె, కొక్కెం అరిగిపోతే బాగు చేయడానికి ఇచ్చారు. కరిగించడానికి ఇచ్చింది కాదు. అంత తూకం బంగారం ఇస్తానంటే ఆమె ఏమీ అనలేదు, ఫోటో ఉంది తెచ్చిస్తానంది. తెచ్చింది. దొరికిన నగలు కోర్టుకు వెళ్తాయి, ఫోటోలు, వీడియో తీయించి సొంతదారుకు అప్పగించే వీలుంది. ఆ ఫోటోను పోలీసులకు ఇచ్చాను. అప్పటికే కరిగించి ఉంటే మాత్రం, ఆ పాత పని చేయగలిగిన చెయ్యి ఇప్పుడు ఈ చుట్టుపక్కల లేదు.

ఇకమీదట కాటా మీద వస్తువు ఉండగానే మీ ముందే ఫోటో, తూకం, టచ్ రాసిన చీటీ, ఇద్దరి సంతకం. చుట్టాలకైనా అంతే.

సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున పది నుంచి షాపులోనే ఉంటాను. చీటీ ఉన్నవాళ్ళు తీసుకుని రండి. లేని ఆ ఇద్దరూ ఊరికే రండి, క్యాలెండర్ కాగితం నా దగ్గరే ఉంది.