ఈసారి అప్‌డేట్ ఎందుకు ఆలస్యమైందంటే

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న తిరుపతి లాడ్జీల వారికి, దామలచెరువు మామిడి మండీల వారికి నమస్కారం.

ఈ నెల మొదటి వారంలో ఇస్తామన్న అప్‌డేట్ పన్నెండు రోజులు ఆలస్యమైంది. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే ఒక పెద్దాయన "ఏమయ్యా, కొత్త జీఎస్టీ రిపోర్టు ఇంకా రాలేదే?" అని రెండుసార్లు ఫోన్ చేశారు. "పని జరుగుతోందండీ" అని ఊరుకున్నాను. మీ యాత్రికుల వివరాలు, మీ లెక్కలు మా చేతిలో ఉన్నప్పుడు ఆ జవాబు చాలదు. అసలు కారణం ఇదీ.

మా ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన ఫైళ్లతో కలిపి, కంటైనర్ ఇమేజ్ అనే ఒకే మూటగా కట్టి మీ సర్వర్లకు పంపుతాం. ఇలా కట్టడాన్నే బిల్డ్ అంటాం. ఇమేజ్ అంటే పొర మీద పొర. కింది పొరలో పెట్టిన ఫైలును పై పొరలో తీసేస్తే కంటికి కనబడదు, అంతే. లోపల భద్రంగా ఉంటుంది. పాత ఇమేజ్ ఒకటి విప్పి చూస్తుంటే మూడో పొరలో మా బ్యాకప్ సర్వర్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు బయటపడింది. చెరిపేశాననే అనుకున్నాను. తప్పు నాదే. ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చి, సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగులన్నీ వెదికాం. బయటివారు వచ్చిన జాడ కనబడలేదు.

అక్కడితో ఆగబుద్ధి కాలేదు, మరో సంఘటన గుర్తొచ్చింది. 2025 మార్చిలో, ప్రోగ్రాముల కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైటులో 23 వేలకు పైగా ప్రాజెక్టులు వాడుతున్న టీజే-యాక్షన్స్ వారి బిల్డ్ సాధనంలోకి ఎవరో దొంగ కోడ్ చొప్పించి, పాత వెర్షన్ల ట్యాగులను సైతం దానివైపు తిప్పేశారు. రహస్య తాళాలు బిల్డ్ లాగుల్లోకి ఎక్కాయి. మేము దాన్ని వాడలేదు కానీ, ట్యాగులనే నమ్ముకుని ఉన్నాం. ట్యాగ్ మామిడి బుట్టకు కట్టిన చీటీ లాంటిది, విప్పి వేరే బుట్టకు కట్టవచ్చు. డైజెస్ట్ అనే గుర్తు అలా కాదు. లోపలి సరుకును బట్టే లెక్కగట్టిన 64 అక్షరాల వరుస అది. ఒక్క బైటు మారినా మారిపోతుంది.

అందుకే ఇప్పుడు మా ఇమేజ్‌కు అడుగు పొరలుగా ఇతరుల నుంచి తెచ్చుకునే బేస్ ఇమేజ్‌లను డైజెస్ట్‌తోనే తీసుకుంటున్నాం. పాస్‌వర్డులు బిల్డ్ సమయంలో మాత్రమే అందుతాయి, ఏ పొరలోనూ మిగలవు. మా డిజిటల్ సంతకం సరిచూశాకే మీ సర్వర్ కొత్త ఇమేజ్‌ను నడుపుతుంది. దీనివల్ల మాకు పని పెరిగింది. డైజెస్ట్‌తో కట్టేస్తే భద్రతా సవరణలు వాటంతట అవి రావు కాబట్టి, ప్రతి సోమవారం స్కాన్ చేసి మేమే మార్చాలి. ఆ పని మానం.

అప్‌డేట్ ఈ బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య వేస్తాం. తెల్లవారుజామున కౌంటర్ల దగ్గర రద్దీ ఉంటుందని, ఈ సమయమే మంచిదని ఆ పెద్దాయనే చెప్పారు. ఆ గంటసేపు రసీదులు చేతితో రాయండి, కౌంటర్ కంప్యూటర్ మాత్రం ఆపవద్దు.