పర్లాకిమిడి తల్లిదండ్రుల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండడం) ఉన్న మన పిల్లలు నలుగురితో ఎలా మాట్లాడాలి అన్నదాని మీదే ఈ ఏడాది ఎక్కువగా పనిచేశాం.

మన పిల్లలకు మనుషులంటే ఇష్టం. ఎవరొచ్చినా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంటారు. చెప్పింది చాలావరకు అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడం కష్టం. నోటి కండరాల్లో పట్టు తక్కువ, విన్న మాట మనసులో నిలవదు. చూసింది మాత్రం బాగా గుర్తుంటుంది. అందుకే నెలకు రెండు ఆదివారాలు బొమ్మల కార్డులతో, సైగలతో సాధన చేయించాం. సైగలు నేర్పితే మాటలు రావేమోనని మొదట్లో అందరికీ టెన్షనే. చేత్తో నీళ్ళడిగిన పిల్లలు తర్వాత నోటితోనూ అడిగారు.

కిరాణా కొట్టు సాధన గురించి కాస్త వివరంగా రాయాలి. మావాడి చేతిలో పది రూపాయలు పెట్టి పంపాను. కొట్టాయన "ఏటి కావాలి నాయనా?" అన్నారు. వాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. వెనకనుంచి అందించాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆపుకుని మనసులో పది లెక్కపెట్టసాగాను. ఎనిమిది దగ్గర "బిక్కెట్టు" అన్నాడు. ఆయనకు అర్థంకాక మళ్ళీ అడిగితే, ఈసారి డబ్బా మీద తట్టి చూపించాడు. తన మాట అందలేదని తెలుసుకుని వాడు మరోలా చెప్పడం అదే మొదలు. ఇన్నేళ్ళూ వాడి మాటలన్నీ నేనే ఆడేశాను.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒక భాష మానేయమని చాలామంది సలహా ఇస్తారు. రెండు భాషలు వింటే మన పిల్లలు వెనకబడతారని ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో తేలలేదు. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళోనే పనిచేశారు. అమ్మమ్మతో మాట్లాడే భాషను పిల్లలకు దూరం చెయ్యకండి. ఆగస్టు 29న ఆయన జయంతి పిల్లలతోనే జరిపాం.

చెవి పరీక్షల శిబిరం పెట్టలేకపోయాం. ఇది పెద్ద లోటు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం ఈ పిల్లల్లో చాలా మామూలు. దాన్ని మనం మొండితనం అనుకుంటాం. ఒక ఆసుపత్రిలో మన సభ్యురాలి బిడ్డను పరీక్షించకుండానే "ఇలాంటి పిల్లలు ఇంతే" అని పంపేశారు. అక్కడితో ఆగకండి, పరీక్ష చేయమని గట్టిగా అడగండి.

మన పిల్లల వైద్య ఖర్చులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో చేరనివారు కార్యదర్శిని కలవండి.

వచ్చే ఆదివారం సాధన కూరగాయల సంతలో. ముందురోజే పిల్లలకు సంత ఫొటోలు చూపించి తీసుకురండి.